న్యాయవాది లాయిడ్ జార్జి



ఈ సాయంకాలము నేను మీకు మనవి చేయదలచినది ఒక సీమ ప్లీడరు చరిత్రము. ఆయన పేరు డేవిడ్ లాయిడ్ జార్జి. పల్లెటూర పెరిగి, చిన్న పట్టణమున ప్లీడరీ బోర్డు కట్టి, జిల్లా కౌన్సిలులో ఆసనము సంపాదించి, పిమ్మట పార్లమెంటు సభ్యుడై, ఆర్థికమంత్రియై, తుదకు 1916 మొదలు 1922 వరకు బ్రిటిషు సామ్రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండినవాడు. దొరవారి చరిత్రము మనకేల యని మీలో కొందరు అనవచ్చును. అందుకు కారణములు రెండు గలవు. పెద్దమనుష్యుని దయ వేరు, చట్టమిచ్చిన హక్కు వేరు. ఈ భేదమును ఆయన జీవితమంత తేటగా చూపు కథ వేరొకటి నేనెరుగను. ఇది మొదటి కారణము. ఆయన ప్రధానిగా నుండిన ఆ ఆరేండ్లలో మన దేశపు తలవ్రాతయు ఆయన మంత్రివర్గము చేతిలోనే యుండెను. ఇది రెండవది. నేను సంస్కృతాంధ్రములు చదివినవాడను గాని లా చదివినవాడను గాను. అయినను బడిలో చరిత్రపాఠము చెప్పు దినములనుండి ఈ మనుజుని కథ నన్ను విడువక వెంటాడినది.

లాయిడ్ జార్జి 1863 సంవత్సరము జనవరి 17వ తేదీని మాంచెస్టరు నగరమున జన్మించెను. తండ్రి విలియం జార్జి నావలెనే బడిపంతులు. బిడ్డకు ఏడాదిన్నర నిండకమునుపే ఆ తండ్రి జబ్బుచేసి కాలధర్మము నొందెను. పిల్లలతో నిరాధారయైన తల్లి తన తమ్ముని పంచ జేరెను. ఆ తమ్ముడు, అనగా మన కథానాయకుని మేనమామ, రిచర్డు లాయిడు. ఆయన కాపురముండిన ఊరు వేల్సు దేశమున కార్నార్వను మండలములోని లానిస్టమ్‌ద్వి. వేల్సు ఇంగ్లండునకు పడమటి కొండసీమ; వారి భాష వేరు. లాయిడ్ జార్జి ఇంట మాటాడినది ఆ వెల్షు భాషయే. ఇంగ్లీషు మాతృభాష కాని బ్రిటిషు ప్రధానమంత్రి ఆయన యొక్కడే.

మేనమామ వృత్తి చెప్పులు కుట్టుట. ఆ దేశమున ఆ వృత్తి యెవనికిని తలవంపు గాదు. ఆయన దుకాణము ఊరికి రచ్చబండ వంటిది. పగలు తోలు కోయుచు ఊరివారితో రాజకీయములు ముచ్చటించును. ఆదివారమున ప్రార్థనామందిరమున కానియైన పుచ్చుకొనక మతప్రసంగములు చేయును. పెండ్లి మానుకొని అక్క బిడ్డలను తన బిడ్డలుగా పెంచెను. మేనల్లుడు లా పరీక్షకు కూర్చుండవలెనన్న లాటిను, ఫ్రెంచి భాషలు కొంత రావలెను. ఆ పల్లెలో చెప్పువారు లేరు. అప్పుడా మేనమామ వ్యాకరణమును నిఘంటువును ముందు పెట్టుకొని, రాత్రులు దీపము కడ తాను నేర్చుకొనుచు బాలునకు నేర్పెను. గురుకులమున చదివిన నావంటివానికి ఇంతకంటె గొప్ప గురువు కనబడడు. ఆయన ఋణమును తలచియే మేనల్లుడు తండ్రి ఇంటిపేరగు జార్జికి ముందు మేనమామ ఇంటిపేరగు లాయిడును ఎల్లప్పుడు నిలుపుకొనెను.

ఆ కాలపు వేల్సు స్థితిని కొంచెము చెప్పవలెను. లేనిచో తరువాతి కథ బోధపడదు. ప్రజలలో పెక్కుమంది ప్రభుత్వ చర్చిని విడిచి, చాపెలు అను తమ మందిరములలో తమ పద్ధతిని ప్రార్థనలు చేసికొనెడివారు. అయినను పంటలో పదియవ పాలు అను పేర ఏర్పడిన పన్ను మాత్రము తమది కాని ఆ చర్చికే చెల్లింపవలసియుండెను. ఊరి బడి చర్చివారిది, ఊరి శ్మశానము చర్చివారిది, భూములు జమీందారులవి. 1868 ఎన్నికలలో జమీందారు కోరినవానికి గాక వేరొకనికి వోటిచ్చిన కౌలుదార్లు కొందరు తమ భూములను పోగొట్టుకొనిరి. ఎవనికి వోటిచ్చునది నలుగురిలో నోటితో చెప్పవలసిన కాలమది. రహస్యముగ వోటువేయు పద్ధతి 1872లో గాని రాలేదు. బాలుడగు డేవిడు ఈ మాటలన్నియు చెప్పుల దుకాణమున వినుచు పెరిగెను.

ఇంగ్లండునందు న్యాయవాదులు రెండు తెగలు. పెద్ద కోర్టులలో గౌను ధరించి వాదించువారు బారిస్టర్లు. కక్షిదారుల కాగితములు చూచి, దస్తావేజులు వ్రాసి, సలహా చెప్పి, చిన్న కోర్టులలో వాదించువారు సొలిసిటర్లు. లాయిడ్ జార్జి రెండవ తెగవాడు. 16 ఏండ్ల ప్రాయమున పోర్త్‌మాడోగ్ పట్టణమందలి ఒక సొలిసిటర్ల కచ్చేరిలో పని నేర్వ జేరి, 1884లో పరీక్ష నెగ్గి, మరుసటి యేట క్రికియెత్ అను ఊరిలో మేనమామ ఇంటి వెనుక గదిలోనే తన కచ్చేరి తెరచెను. 1887లో తమ్ముడు విలియం కూడ సొలిసిటరై అన్నకు తోడు వచ్చెను.

ఒక మెతుకు పట్టి చూచి అన్నము సంగతి తెలిసికొనుట స్థాలీపులాక న్యాయమందురు. ఈ ప్లీడరు సంగతి తెలియుటకును ఒక్క దావా చాలును. 1888లో లాన్‌ఫ్రోథెన్ అను గ్రామమున పలకరాతి గనిలో పనిచేసిన ఒక వృద్ధుడు మరణించెను. ఆయన చాపెలుకు పోవువాడు. తన కుమార్తెను పాతిపెట్టిన చోటి ప్రక్కనే తన్నును పాతిపెట్టవలెనని కోరి కన్నుమూసెను. చాపెలువారు చర్చి శ్మశానములో తమ పద్ధతినే మృతులను ఖననము చేసికొనవచ్చునని 1880లో పార్లమెంటు చట్టము చేసియుండెను. కాని చర్చి గురువు అడ్డుపడెను. శ్మశానములోని ఆ భాగము 1864లో ఒక గృహిణి దానముగ నిచ్చిన నేల. ఊరివారు దానికి గోడ పెట్టుకొని అనుభవించుచుండిరి గాని పత్రము మాత్రము పుట్టలేదు. 1880 చట్టము వచ్చినంతనే గురువు మెలకువపడి, 1881లో ఆమెచేత క్రొత్తగా పత్రము వ్రాయించి, చర్చి పద్ధతిని ఖననము చేయబడువారికే ఆ నేల చెల్లునని షరతు పెట్టించెను. ఇప్పుడా పత్రమును చూపి, వృద్ధుని శవమునకు ఎక్కడనో ఒక మూలను చూపెను.

కుటుంబమువారు లాయిడ్ జార్జి యొద్దకు వచ్చిరి. ఆయన వయస్సప్పుడు 25 ఏండ్లు. కాగితములు చూచి ఆయన చెప్పిన సలహా ఇది: 1864లో నోటిమాటతో నిచ్చినను దానము దానమే, పండ్రెండేండ్లకు మించి ఊరివారి అనుభవములో నుండిన నేలపై 1881 నాటి షరతు చెల్లదు, కావున చట్టము మీ పక్షమున నున్నది, గురువు తలుపు తీయకున్న పగులగొట్టి లోనికి పోయి పాతిపెట్టుడు. వారట్లే చేసిరి. వృద్ధుడు కుమార్తె ప్రక్కనే మట్టిలో కలిసెను. గురువు దావా తెచ్చెను. పోర్త్‌మాడోగ్ కోర్టులో జూరీవారు కుటుంబమువారి పక్షమున నిలిచిరి. జడ్జి మాత్రము గురువునకు తీర్పిచ్చెను. లాయిడ్ జార్జి విడువక లండనులోని ఉన్నత న్యాయస్థానమునకు అప్పీలు తీసికొనిపోయెను. 1888 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి కోల్రిడ్జి ప్రభువు ఆ తీర్పును కొట్టివేసి కుటుంబమువారిని గెలిపించెను.

ఇందు గమనింపదగిన దొకటి గలదు. ఆ కుటుంబమువారు గురువు కాళ్లపై బడి బ్రతిమాలియున్న ఆయన కరుణించెనేమో! కాని అట్టి కరుణ ఆ ఒక్క శవమునకే చెల్లును. మరునాటి శవమునకు మరల కాళ్లపై బడవలెను. కోర్టులో గెలిచిన హక్కు ఆ నేలపై పుట్టి గిట్టువారందరిది. ఈ పాఠమును లాయిడ్ జార్జి శ్మశానవాటికలో నేర్చి పార్లమెంటులో అప్పగించెను. ఆయన పిమ్మట చేసిన చట్టములన్నిటికి మూలకందము ఇదియే యని నా తలంపు.

ఆ దావాతో ఆయన పేరు వేల్సంతట ప్రాకెను. 1888 నాటి చట్టముచే ఇంగ్లండు, వేల్సులయందు కౌంటీ కౌన్సిళ్లు, అనగా మన జిల్లా బోర్డుల వంటి సభలు, క్రొత్తగా నేర్పడెను. అంతవరకు కౌంటీ వ్యవహారము జమీందార్లగు మేజిస్ట్రేటుల గుప్పిటిలో నుండెను. 1889లో కార్నార్వను కౌన్సిలు సభ్యులు 26 ఏండ్ల లాయిడ్ జార్జిని ఆల్డర్మన్ అను పెద్ద సభ్యునిగా ఎన్నుకొనిరి. నెరసిన గడ్డముల నడుమ కూర్చుండవలసిన స్థానమున కుర్రవాడు కూర్చుండెనని లోకులు వింతగా చెప్పుకొనిరి. మరుసటి యేట కార్నార్వను పట్టణముల పార్లమెంటు స్థానము ఖాళీపడగా లిబరలు పక్షమున నిలిచెను. ప్రతిపక్షమున నిలిచినవాడెవడనుకొందురు? స్వగ్రామమగు లానిస్టమ్‌ద్విలోని జమీందారే! లెక్కించి చూడగా ప్లీడరునకు 1,963, జమీందారునకు 1,945 వోట్లు వచ్చెను. 18 వోట్ల తేడాతో గెలిచిన ఆ స్థానమును ఆయన 55 ఏండ్లు విడువలేదు.

ఇచ్చట తమ్ముని మాట చెప్పక ముందుకు పోరాదు. ఆ కాలమున పార్లమెంటు సభ్యులకు జీతము లేదు. ఆస్తిగలవారే దేశమును పాలింపవలెనని దాని భావము. అన్న లండనులో ఉపన్యసించుచుండ, తమ్ముడు విలియం క్రికియెత్‌లో రాత్రింబగళ్లు దస్తావేజులు వ్రాసి రెండు కుటుంబములను పోషించెను. అన్న కీర్తిలో సగము ఆ కలమునకు చెందవలెను. 1911లో అన్నయే ఆర్థికమంత్రిగా నుండి సభ్యులకు యేటికి 400 పౌనుల జీతమేర్పరచెను. తమ్ముని వంటి తమ్ముడు లేని పేదవాడును సభలో కూర్చుండుటకు అప్పటికి త్రోవపడెను. విలియం నూరేండ్లు దాటి జీవించి 1967లో మరణించెను. పేరునకు వెనుక నిలిచి బరువు మోయువారు మన ఇండ్లలోను గలరు. వారిని పెద్దలు మరువకుందురుగాక.

పార్లమెంటున లాయిడ్ జార్జి వెరపెరుగని వక్త. 1899లో దక్షిణాఫ్రికాయందలి బోయరులపై బ్రిటిషువారు యుద్ధము సాగింపగా, అది అన్యాయమని బహిరంగముగ ఖండించెను. 1901 డిసెంబరులో బర్మింగుహాము పురమందిరమున జనులు ఆయనపై విరుచుకొనిపడిరి. పోలీసు జవాను దుస్తులు తొడిగి ఆయనను ప్రాణములతో దాటింపవలసి వచ్చెను. 1905లో మంత్రిపదవి లభించెను. 1908లో ఆర్థికమంత్రి యయ్యెను.

ఆ 1908లోనే వృద్ధుల పింఛను చట్టము పార్లమెంటున నెగ్గెను. దాని చిత్తు సిద్ధపరచినవాడు ఆస్క్విత్. సభలో నడిపి నెగ్గించినవాడు లాయిడ్ జార్జి. 70 ఏండ్లు దాటి, స్వల్పాదాయముగల ముదుసలులకు వారమునకు 5 షిల్లింగుల వరకు సర్కారు ఇచ్చునని ఆ చట్టము. ఆనాటి మారకమున అది మన 3 రూపాయల 12 అణాలు. 1909 జనవరి 1వ తేదీని మొదటి పింఛను తపాలాకచ్చేరులలో పంచిరి. అంతకుమునుపు దిక్కులేని ముసలివారు ధర్మపు తిండికై పేదలశాలకు పోవలెను. పోయినవానికి వోటు హక్కు కూడ పోవును. ఇప్పుడట్లు గాదు. తపాలాకచ్చేరి కిటికీ కడ నిలిచి, ఎవరికిని దండము పెట్టక, తనదైన సొమ్ము తాను తెచ్చుకొనును. లాన్‌ఫ్రోథెన్ శ్మశానపు తలుపు తెరచిన చేయియే ఈ కిటికీని తెరచినది.

పింఛనులకును యుద్ధనౌకలకును ధనము కావలెను. 1909 ఏప్రిలులో ఆయన పెట్టిన బడ్జెటులో గొప్ప ఆదాయములపై అదనపు పన్నును, భూస్వాముల నేల విలువ పెరుగుదలపై పన్నును విధింపదలచెను. పట్టణము పెరిగిన కొలది ప్రక్క నేల విలువ పెరుగును. ఆ పెంపు జమీందారు చెమటవలన వచ్చినది గాదు గదా యని ఆయన వాదము. ప్రభువుల సభ 350 వోట్లకు 75 వోట్లతో ఆ బడ్జెటును త్రోసివేసెను. ఆర్థికపు బిల్లును ప్రభువుల సభ త్రోసివేయుట ఆ దేశపు ఆచారమునకు విరుద్ధము. 1910లో రెండుమారులు ఎన్నికలు జరిగెను. బడ్జెటు నెగ్గెను, 1911 నాటి పార్లమెంటు చట్టముచే ధనవిషయమున ప్రభువుల సభకు అడ్డుపడు అధికారము తొలగిపోయెను. అయితే ఆ భూమిపన్నులు పేరునకు మించి పండలేదు. 1920లో ఆయన ప్రభుత్వమే వానిని రద్దుచేసెను.

1911లోనే ఆరోగ్యపు భీమా చట్టము వచ్చెను. పనివాడు వారమునకు 4 పెన్నీలు, యజమాని 3, సర్కారు 2 చెల్లింతురు. పనివాడు జబ్బుపడిన వైద్యుని చికిత్సయు, పురుషునకు వారమునకు 10 షిల్లింగుల భత్యమును లభించును. యజమాని మంచివాడైనను చెడ్డవాడైనను ఆ మూడు పెన్నీలు ఆయన చెల్లింపకతప్పదు.

ఇంతవరకు చెప్పినది వెన్నెల వైపు. చీకటి వైపును చూపకున్న చరిత్ర చెప్పినట్లు గాదు. 1912లో, తాను ఆర్థికమంత్రిగా నుండగనే, అమెరికా మార్కొనీ కంపెనీ వాటాలు కొనెను; ఆ సమయముననే బ్రిటిషు మార్కొనీ కంపెనీకి సర్కారు కంట్రాక్టు నడుచుచుండెను. విచారణలో బయటపడినను మచ్చ మిగిలెను. ప్రధానియైన పిమ్మట బిరుదులు ధనమునకు అమ్ముడుపోవుచున్నవని గగ్గోలు పుట్టెను. ఆ ధనము ఆయన రాజకీయ నిధికి చేరెను. గృహస్థధర్మమునందును నిందకు తావిచ్చెను. పేదవాని తలుపు కడ చట్టమును అంత నిక్కచ్చిగా పట్టినవాడు తన ఇంటి తలుపు కడ దానిని సడలించెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. తుపాకులును మందుగుండును చాలక సైన్యము తల్లడిల్లుచుండగా 1915లో ఆయన ఆయుధసామగ్రి మంత్రియై కర్మాగారములను పరుగెత్తించెను. 1916 డిసెంబరు 7వ తేదీని ప్రధానమంత్రి యయ్యెను. 1918లో యుద్ధము ముగిసెను. ఆ యేటనే 30 ఏండ్లు దాటిన స్త్రీలలో పెక్కుమందికి వోటు వచ్చెను. 1920లో వేల్సు దేశమున చర్చికిగల ప్రభుత్వపు హోదా తొలగిపోయెను. మేనమామ దుకాణమున విన్న ఫిర్యాదు అట్లు తీరెను. కాని దానిని చూచుటకు మేనమామ లేడు, ఆయన 1917లోనే మరణించెను.

ఇక మన సంగతి. 1917 ఆగస్టు 20వ తేదీని ఆయన మంత్రివర్గమున భారతదేశపు మంత్రియగు మాంటేగు, మన దేశమునకు క్రమక్రమముగ బాధ్యతాయుత ప్రభుత్వమిత్తుమని ప్రకటించెను. 1919 నాటి చట్టము వచ్చెను. కొన్ని శాఖలు మన మంత్రులకు. ధనము, పోలీసు మొదలగునవి గవర్నరునకు. చెన్నపురిలో పానగల్లు రాజావారు 1921లో ముఖ్యమంత్రి యైనది ఈ యేర్పాటు క్రిందనే. కాని ఆ 1919లోనే, విచారణ లేక నిర్బంధింప వీలగు రౌలటు చట్టము వచ్చెను. ఏప్రిలు 13వ తేదీని జలియనువాలాబాగున నిరాయుధులపై కాల్పులు జరిగెను. ఒక శవమునకు హక్కైన చోటు ఇప్పింప లండను దాక పోయిన ప్లీడరు ప్రధానిగా నుండగనే ఇన్ని శవములు పడెను.

మన తీరాంధ్రమున ఆ దినములలో జరిగిన మరియొక సంగతి మీకు తెలిసినదే. చీరాల పేరాలలను కలిపి చెన్నపురి ప్రభుత్వము పురపాలకసంఘముగ చేసి, పన్నులు పెంచెను. మాకు అది వలదని జనులు మొరపెట్టుకొనిరి, వినరైరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై వేలకొలది జనము ఇల్లు వాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమని పేరిడి పాకలలో నెలల తరబడి కాపురముండిరి. వేల్సులో స్థానికస్వపరిపాలన జనులు పట్టుకొని మీది కెక్కిన నిచ్చెన. చీరాలలో అదే పేరున జనుల నెత్తిపై దించిన బరువు. పేరు ఒక్కటే, ధర్మము వేరు. జనుల సమ్మతి యున్నదా లేదా యనునదే భేదము.

1922 మార్చిలో గాంధీమహాత్ముని ఆరేండ్ల చెరకు పంపిరి. ఆ యేట ఆగస్టు 2వ తేదీని లాయిడ్ జార్జి పార్లమెంటున ప్రసంగించుచు, ఇండియన్ సివిల్ సర్వీసును కట్టడమునంతటిని నిలుపు ఉక్కుచట్రముతో పోల్చి, బ్రిటిషు ఉద్యోగుల తోడు లేక భారతీయులు నడువగల కాలము తనకు కనబడుట లేదను భావమును వెల్లడించెను. సరిగా ఇరువది దినములకు, ఆగస్టు 22వ తేదీని, అల్లూరి సీతారామరాజు మన్యమున చింతపల్లి పోలీసు స్టేషనుపై బడెను. వెల్షు రైతు తన కాళ్లపై తాను నిలువగలడని లోకమునకు చాటినవానికి తెలుగు రైతు కాళ్లు కనబడలేదు. జ్ఞానము లేక గాదు. తన గడపనుండి చూచినప్పుడు హక్కుగా కనబడునది ఎదుటివాని గడపనుండి అడిగినప్పుడు తిరుగుబాటుగా కనబడుట మనుష్యజాతి కంతటికిని గల జబ్బు.

ఆ అక్టోబరులో కన్సర్వేటివులు తోడు విడువగా ఆయన పదవి పోయెను. అప్పటికి వయస్సు 59. మరల మంత్రిపదవి దక్కలేదు. 1936లో హిట్లరును చూచి వచ్చి పొగడెను. ఆ పొగడ్త చరిత్రలో ఆయనకు చెరగని అపకీర్తి. 1945 మార్చి 26వ తేదీని లానిస్టమ్‌ద్విలో కన్నుమూసెను. ఆయనను చర్చి శ్మశానములో పెట్టలేదు. డ్వైవోర్ అను యేటి యొడ్డున తాను కూర్చుండుటకు ఇష్టపడిన చోటనే పాతిపెట్టి, తాను కూర్చున్న పెద్ద బండనే సమాధిపై నిలిపిరి.

పెద్దలారా! మన గ్రామములయందును వల్లకాటికి హద్దులు గలవు. ఏ శవము ఏ గట్టు దాటరాదో, ఏ త్రోవను పోరాదో శాసించిన వారెవరో మీకు చెప్పనక్కరలేదు. చట్టము ఆ హద్దులను ఒప్పుకొనదు. ఊరి ఆచారమింకను ఒప్పుకొనుచున్న చోట్లు గలవు. లాన్‌ఫ్రోథెన్‌లో తలుపు పగులగొట్టుటకు ఒక యువ ప్లీడరు కావలసివచ్చెను. మన ఊళ్లలో ఆ తలుపు తాళపుచెవి మీ మొలలోనే యున్నది. పగులగొట్టించుకొనుటకంటె తామే తీసి నిలువబెట్టుట పెద్దరికమునకు శోభ.